రోజూ రోడ్ సైకిలు మీద ఆఫీసుకు వెళ్లేవారికి టైర్ల ఎంపిక: వేగానికీ పంక్చర్లకూ మధ్య లెక్క

వానాకాలం ఉదయం ఎనిమిదిన్నర. మియాపూర్ నుంచి కొండాపూర్ మీదుగా గచ్చిబౌలి వెళ్లే దారి. వెనుక చక్రంలో గాలి పోయింది. నిలబడటానికి కాలిబాట లేదు, పక్కనే బస్సులూ ఆటోలూ ఒరుసుకుంటూ పోతున్నాయి. చేతులకు మసి, చొక్కాకు బురద. ఇలాంటి ఉదయాలు రెండు మూడు ఎదురైతే చాలు, ఎంతో ఇష్టపడి కొనుక్కున్న రోడ్ సైకిలు బాల్కనీలో దుమ్ము పట్టి మిగిలిపోతుంది. అలా వదిలేసినవారిని చాలామందిని చూశాను, చూసినప్పుడల్లా బాధ కలిగింది. ఎందుకంటే ఎక్కువమంది విషయంలో లోపం సైకిలులో లేదు. అది టైరులో ఉంది, ఆ టైరులోని గాలిలో ఉంది.

పంక్చర్లతో విసిగి, దొరికినవాటిలో అన్నిటికంటే మందమైన టైరు బిగించుకున్నవారూ ఉన్నారు. పంక్చర్లు తగ్గుతాయి, నిజమే. కానీ సైకిలు బరువెక్కి, తొక్కినంతసేపూ ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. రోడ్ సైకిలు ఎందుకు కొన్నామో ఆ ఆనందమే పోతుంది.

ఈ రెండింటి మధ్య దారి ఉంది. పంక్చర్లలో ఒక పెద్ద భాగాన్ని వేగం ఏమాత్రం కోల్పోకుండా, కేవలం టైరు వెడల్పుతో, గాలి ఒత్తిడితో తప్పించవచ్చు. మిగిలిన భాగానికి మాత్రమే మందమైన రక్షణ పొర కావాలి. అది కూడా మీ దారి ఎంత అడిగితే అంతే. కింది క్రమం ఆ ఉద్దేశంతో రాసింది. మొదటి అడుగు దాటవేసి నేరుగా కొనుగోలుకు వెళ్లవద్దని నా మనవి.

మొదటి అడుగు: పాత పంక్చర్లను చదవండి

మీ దారికి ఏ టైరు సరిపోతుందో మీ పాత ట్యూబులే చెబుతాయి. గాలి పోయిన ట్యూబును పారేయకుండా గాలి కొట్టి, నీళ్లలో ముంచి, రంధ్రం ఎలా ఉందో చూడండి.

పక్కపక్కనే రెండు చిన్న చీలికలు ఉంటే, అవి పాము కాటు గుర్తుల్లా కనిపిస్తే, దానికి ముల్లుతో, గాజుతో సంబంధం లేదు. చక్రం గుంత అంచునో, పదునైన స్పీడ్ బ్రేకరునో గుద్దినప్పుడు టైరు పూర్తిగా అణిగి, ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగిపోయింది. ఎంత గట్టి రక్షణ పొర ఉన్న టైరైనా దీన్ని ఆపలేదు. దీనికి మందు వెడల్పు, సరైన గాలి. మన నగరాల్లో సన్నని టైర్లతో తిరిగేవారికి ఈ రకం ఎంత తరచుగా వస్తుందో లెక్క పెట్టుకుంటే ఆశ్చర్యపోతారు.

ఒకే ఒక్క సన్నని రంధ్రం, అదీ ట్యూబు బయటి వైపు, అంటే రోడ్డును తాకే వైపు ఉంటే, ఏదో గుచ్చుకుంది. లోపలి వైపు, చువ్వల వైపు ఉంటే మాత్రం చువ్వల రంధ్రాలను కప్పే రిమ్ము పట్టీ జరిగింది లేదా చిరిగింది. ఎంత ఖరీదైన టైరు కొన్నా ఈ మూడో రకం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. కొత్త పట్టీ వేయిస్తే అక్కడితో ఆగిపోతుంది.

గుచ్చుకున్నది ఏమిటన్నది తరువాతి ప్రశ్న. మన రోడ్ల మీద ప్రధానంగా నాలుగు శత్రువులు. ఒకటి గాజు పెంకులు. పగిలిన సీసాలు, ప్రమాదాల్లో ఊడిన అద్దం ముక్కలు రోడ్డు అంచున పేరుకుంటాయి. రెండు, సన్నని ఉక్కు తీగలు. లారీల రేడియల్ టైర్లు పేలి చీలినప్పుడు వాటిలోని తీగలు రోడ్డంతా పరుచుకుంటాయి. వెంట్రుకకంటే కాస్త లావుగా ఉండే ఈ తీగ టైరులోకి దిగి, రోజుకింత చొప్పున లోపలికి జరిగి, ఎప్పుడో ట్యూబును తాకుతుంది. జాతీయ రహదారుల అంచున, బాహ్య వలయ రహదారి సర్వీసు రోడ్ల మీద తిరిగేవారికి ఇదే ఎక్కువగా ఎదురవుతుంది. మూడు, ముళ్లు. చెరువు గట్ల వెంట, రైలు పట్టాల పక్కన కొట్టి పడేసిన సర్కారు తుమ్మ కొమ్మల ముళ్లు. ఖాళీ స్థలాల అంచున నేలకు పాకే పల్లేరు. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. వర్షాలు తగ్గి కాయలు ఎండే రోజుల్లో దాని బాధ ఎక్కువ. అనంతపురం, కర్నూలు వంటి పొడి ప్రాంతాల్లో పొలాల పక్క దారుల్లో తొక్కేవారికి దీని గురించి నేను చెప్పనక్కర్లేదు. నాలుగు, మేకులు. అయితే పెద్ద మేకును ఏ సైకిలు టైరూ ఆపదు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి.

గుచ్చుకున్న చోటును కనిపెట్టడానికి పాత మెకానిక్కుల పద్ధతి ఒకటుంది. టైరు బిగించేటప్పుడు దాని మీది పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా బిగించండి. తరువాత ట్యూబులో రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూస్తే, టైరులో ముల్లు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. చక్రమంతా తడుముకోవలసిన పని ఉండదు. తీగ ముక్క కంటికి కనిపించకపోతే చిన్న దూది ఉండను టైరు లోపల తిప్పండి, అది చిక్కుకున్న చోటే తీగ ఉంటుంది. వేళ్లతో తడమకండి, తెగుతాయి.

ఇలా ఓ రెండు మూడు నెలలు ఫోనులోనే రాసుకోండి: తేదీ, ముందు చక్రమా వెనుకా, కారణం, వాన పడిందా లేదా. ఈ చిన్న చిట్టా చేతిలో ఉంటే దుకాణంలో ఎవరి సలహా కోసమూ ఎదురుచూడరు.

రెండో అడుగు: సైకిలులో చోటు కొలవండి

టైరు పక్కగోడ మీద 28-622 వంటి సంఖ్య ఉంటుంది. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది టైరు రిమ్ముపై కూర్చునే చోట వ్యాసం. రోడ్ సైకిళ్లలో 700సీ అని పిలిచే కొలత ఈ 622. 700×28 అని రాసినా, 28-622 అని రాసినా అర్థం ఒకటే. రెండో సంఖ్య కచ్చితంగా కలవాలి, అందులో మార్పుకు వీలు లేదు. మొదటిదాన్ని మార్చుకోవచ్చు.

ఎంతవరకు మార్చుకోవచ్చన్నది ఫ్రేము చెబుతుంది. డిస్కు బ్రేకులున్న కొత్త సైకిళ్లలో చాలావాటికి 32 వరకు హాయిగా పడుతుంది. రిమ్ము బ్రేకులున్న పాతవాటిలో 25 లేదా 28 దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు. ఇప్పుడున్న టైరుకు గాలి నింపి, మూడు చోట్ల ఖాళీ చూడండి: ఫోర్కు పై భాగం కింద, బ్రేకు కమాను కింద, వెనుక పెడళ్ల ఇరుసు దగ్గర ఫ్రేము గొట్టాల మధ్య. కొత్త టైరు వేశాక ప్రతి పక్కా కనీసం 4 మిల్లీమీటర్లు మిగలాలి. వానలో బురద, తారు అంటిన కంకర గుళ్లు టైరుకు అతుక్కుని ఫ్రేమును గీస్తాయి కాబట్టి ఈ ఖాళీని తగ్గించుకోవద్దు. మడ్‌గార్డులు వేసుకునే ఆలోచన ఉంటే, రోజూ వెళ్లేవారు వేసుకోవాలనే నేనంటాను, ఇంకాస్త చోటు కావాలి.

రిమ్ము లోపలి వెడల్పు కూడా చూడండి. పాత రిమ్ములు 15 మిల్లీమీటర్ల వద్ద ఉండేవి, కొత్తవి 19, 21 వరకు వచ్చాయి. వెడల్పాటి రిమ్ము మీద అదే 28 టైరు 29, 30గా ఉబ్బుతుంది. చోటు లెక్కించేటప్పుడు ఈ తేడాను మరవకండి.

మూడో అడుగు: వెడల్పు, గాలి

ఈ రెంటినీ కలిపే చూడాలి. వేగం కావాలంటే సన్నని టైరు, దాన్ని రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టడం అన్నది ఏళ్ల తరబడి నమ్మకం. వృత్తి సైక్లిస్టులు కూడా ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్ల మీదే పోటీ పడేవారు. ఇప్పుడు టూర్ డి ఫ్రాన్స్‌లోనే 28, అంతకు మించిన వెడల్పులు మామూలైపోయాయి. వారికంటే మన రోడ్లు గరుకు, మన వేగం తక్కువ. 23ను మనం పట్టుకు వేలాడాల్సిన కారణం ఒక్కటీ లేదు.

ఎందుకో చూద్దాం. టైరు దొర్లేటప్పుడు నేలను తాకే చోట అణిగి, మళ్లీ లేస్తుంది. ప్రతిసారీ రబ్బరు, నూలు పొరలు వంగడంలో కొంత శక్తి వేడిగా పోతుంది. తొక్కేవారికి అది బరువుగా తెలుస్తుంది. ఒకే ఒత్తిడి దగ్గర వెడల్పు టైరు నేలను పొట్టిగా, వెడల్పుగా తాకుతుంది. కాబట్టి తక్కువగా వంగుతుంది, తక్కువ శక్తిని తింటుంది. అయితే వెడల్పు టైరును మనం తక్కువ ఒత్తిడితో నడుపుతాం కదా, అక్కడ ఆ లాభం కొంత సమమవుతుంది. కానీ గరుకు రోడ్డు మీద ఇంకో నష్టం ఉంది. మరీ గట్టిగా ఉన్న టైరు ప్రతి రాతి మీదా ఎగిరి పడుతుంది. ఆ అదురంతా మీ ఒంట్లోకి వచ్చి చేరుతుంది, ముందుకు పోవలసిన శక్తి పైకీ కిందికీ వృథా అవుతుంది. తారు లేచిపోయిన కాలనీ రోడ్ల మీద 110 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న 23 టైరు కంటే 70 పీఎస్‌ఐ ఉన్న 28 టైరు హాయిగా ఉండటమే కాదు, నెమ్మది కూడా కాదు.

పంక్చర్ల వైపు నుంచి చూసినా వెడల్పుదే గెలుపు. గాలి పరిమాణం పెరుగుతుంది, గుంత అంచుకు రిమ్ము తగలడం తగ్గుతుంది, పాము కాటు పంక్చర్లు దాదాపు మాయమవుతాయి. చేతుల నొప్పి తగ్గుతుంది. నష్టం ఏమైనా ఉంటే టైరు బరువు కొద్ది గ్రాములు పెరగడం. వేగానికీ రక్షణకూ మధ్య పోటీ లేని చోటు ఇది. అందుకే నా సలహా సూటిగా చెబుతాను: మీ ఫ్రేములో పట్టే అతి వెడల్పైన టైరును ఎంచుకోండి. 32 పడితే 32, లేకపోతే 28. 25 మాత్రమే పడితే 25తోనే సర్దుకుని, గాలి విషయంలో మరింత జాగ్రత్తగా ఉండండి.

ఇక ఎంత గాలి? మనిషి, సైకిలు, ల్యాప్‌టాప్ సంచి, నీళ్ల సీసా అన్నీ కలిపి 85 కిలోలు అనుకుందాం. 25 టైరుకు ముందు 80, వెనుక 90 పీఎస్‌ఐ. 28కి ముందు 65, వెనుక 75. 32కి ముందు 50, వెనుక 60. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే సంఖ్యలు. మొత్తం బరువు 5 కిలోలు పెరిగితే రెండు మూడు పీఎస్‌ఐ పెంచండి, తగ్గితే తగ్గించండి. గుంతలో రిమ్ము తగిలిన టక్ మనే చప్పుడు వినిపిస్తే కాస్త ఎక్కించండి. చేతులు జిల్లుమంటూ ఉంటే కాస్త దించండి. టైరు మీదా రిమ్ము మీదా రాసిన గరిష్ఠ ఒత్తిళ్లలో ఏది తక్కువైతే దాన్ని దాటవద్దు.

ఎండలో నిలిపిన సైకిలు టైరు పేలుతుందేమోనని వేసవిలో చాలామంది గాలి బాగా తీసేస్తారు. లెక్క చూడండి: 25 డిగ్రీల దగ్గర 75 పీఎస్‌ఐ నింపిన టైరు 50 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి పెరిగేది సుమారు 7 పీఎస్‌ఐ మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న టైరుకు అది ఒక లెక్క కాదు. భయపడి గాలి తీసేస్తే సాయంత్రం దారిలో పాము కాటు తప్పదు.

నాలుగో అడుగు: రక్షణ పొర ఎంత కావాలి?

ఇప్పుడు అసలు బేరం. గుచ్చుకునేవాటిని ఆపడానికి కంపెనీలు రబ్బరుకూ నూలు పొరకూ మధ్య ఒక పట్టీ వేస్తాయి. కొన్నిటిలో అది అరామిడ్ లేదా వెక్ట్రాన్ వంటి గట్టి దారాల నేత. సన్నగా, తేలికగా ఉంటుంది, గాజుకు బాగా అడ్డుపడుతుంది. కానీ నేత దారాల సందుల్లోంచి సూది లాంటి సన్నని తీగ, ముల్లు దూరే వీలుంది. ఇంకొన్నిటిలో మందమైన మెత్తటి రబ్బరు పొర. ష్వాల్బె మారథాన్ ప్లస్‌లో ఇది 5 మిల్లీమీటర్లు. ముల్లు దిగినా ట్యూబును చేరేంత పొడవు మిగలదు. దాని మూల్యం బరువు. అదే 28 వెడల్పులో మారథాన్ ప్లస్ 700 గ్రాములు దాటుతుంది. పోటీల కోసం చేసిన కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 అందులో సగం కూడా తూగదు.

నూలు పొర గురించి ఒక మాట. టైరు వివరాల్లో 60 టీపీఐ, 120 టీపీఐ అని ఉంటుంది. అంగుళానికి ఎన్ని దారాలు అని దాని అర్థం. దారాలు సన్నగా, ఎక్కువగా ఉంటే టైరు పట్టులా వంగుతుంది, వేగంగా దొర్లుతుంది, పక్కగోడలు మాత్రం పలుచబడతాయి. కొన్ని కంపెనీలు ఒకదాని మీద ఒకటి వేసిన పొరలన్నీ కూడి చెబుతాయి. 330 అని రాసి ఉంటే అది 110 చొప్పున మూడు పొరలు కావచ్చు. కాబట్టి ఒక కంపెనీ సంఖ్యను మరో కంపెనీ సంఖ్యతో నేరుగా పోల్చవద్దు.

మందమైన టైరు ఎంత సమయం తింటుందో లెక్క కడదాం. మొత్తం 85 కిలోలు, వేగం గంటకు 25 కిలోమీటర్లు. దొర్లే నిరోధాన్ని ఒక గుణకంతో కొలుస్తారు. పోటీ టైర్లకు అది సుమారు 0.004, బాగా మందమైన వాటికి 0.007 దగ్గర అనుకుందాం. మొదటిదానికి 23 వాట్లు ఖర్చవుతాయి, రెండోదానికి 40. తేడా 17 వాట్లు. అదే శ్రమతో తొక్కితే మందమైన టైరు మీద వేగం 23.4 కిలోమీటర్లకు పడుతుంది. 14 కిలోమీటర్ల దారిలో నష్టం రెండుంపావు నిమిషాలు. మధ్యరకం టైరుకు 0.0055 వేసుకుంటే నష్టం నిమిషం పైచిలుకు. మియాపూర్ కూడలిలో ఒక్క ఎర్ర దీపం ఇంతకంటే ఎక్కువ తింటుంది.

ఇప్పుడు పంక్చరు వైపు. రోడ్డు పక్కన ట్యూబు మార్చి, చేతిపంపుతో గాలి కొట్టి, చేతులు తుడుచుకునేసరికి 20 నిమిషాలు. అంటే పోటీ టైరు మీద తొమ్మిది ప్రయాణాలు చేస్తే మిగిలే సమయం ఒక్క పంక్చరుతో పోతుంది. నెలకు ఒక్క పంక్చరు చొప్పున అదనంగా పడినా, నెలకు నలభై పైన ప్రయాణాల్లో మిగిలింది గంటన్నర, పోయింది 20 నిమిషాలు. నిమిషాలు మాత్రమే చూస్తే పోటీ టైరే గెలుస్తుంది! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను కూడా నమ్మలేదు, రెండుసార్లు సరిచూసుకున్నాను.

అయినా పోటీ టైరు వేసుకోమని చెప్పను. ఆ మిగిలిన రెండు నిమిషాలు ఎవరికీ గుర్తుండవు, అవి సిగ్నళ్లలో కరిగిపోతాయి. ఆ 20 నిమిషాలు మాత్రం ఒకేసారి వస్తాయి, చీకట్లోనో వానలోనో, ఇరుకు ఫ్లైఓవరు మీదో వస్తాయి. ఉద్యోగానికి వెళ్లే దారిలో విలువ సగటు వేగానికి లేదు, సమయానికి చేరతామన్న నమ్మకానికి ఉంది. భద్రత సంగతి సరేసరి. అలాగని అతి మందమైన టైరు అందరికీ అవసరమూ లేదు. చాలామందికి మధ్యరకం చాలు. మొదటి అడుగులో రాసుకున్న చిట్టాను ఇక్కడ తెరవండి.

చిట్టాలో పాము కాట్లే ఎక్కువైతే వెడల్పు పెంచి, మామూలు శిక్షణ టైరు వేసుకోండి. విటోరియా రూబినో ప్రో, పానారేసర్ గ్రావెల్‌కింగ్ స్లిక్ ఈ కోవలోవి. గాజు ఎక్కువైతే నేత పట్టీ ఉన్న నాలుగు కాలాల టైరు మంచిది. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 4 సీజన్‌లో వెక్ట్రాన్ పట్టీ రెండు పొరలుగా ఉంటుంది, వానలో పట్టు కూడా బాగుంటుంది. నన్నడిగితే నగరంలో రోజూ తిరిగే రోడ్ సైకిలుకు ఈ తరగతి అన్నిటికంటే సరైన రాజీ. కాంటినెంటల్ గేటర్‌స్కిన్‌కు పక్కగోడల రక్షణ కూడా ఉంది, చాలా కాలం మన్నుతుంది. అయితే రబ్బరు గట్టిది, తడి రోడ్డు మీద మలుపుల్లో దాన్ని పూర్తిగా నమ్మను. ఉక్కు తీగలు, ముళ్లు మీ చిట్టాను నింపేస్తే మాత్రం మారథాన్ ప్లస్ వంటి మందమైన పొరకే వెళ్లండి, లేదా ఆరో అడుగులో చెప్పిన ట్యూబ్‌లెస్ వైపు చూడండి. బరువుకు సంకోచించకండి. కంపచెట్ల మధ్య దారిలో రోజూ వెళ్లే మనిషికి నిమిషాల లెక్క చెప్పడం అన్యాయం.

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాకు మీదే మీ ప్రయాణంలో ఎక్కువ భాగం సాగితే మీరు అదృష్టవంతులు, తేలికైన టైరు వైపు ఒక మెట్టు జరగవచ్చు. అయితే ట్రాకు దాకా చేరే చివరి రెండు కిలోమీటర్లను కూడా లెక్కలో వేయండి. చాలా పంక్చర్లు అక్కడే పడతాయి.

అయిదో అడుగు: ముందు ఒకటి, వెనుక ఒకటి

రెండు చక్రాలకూ ఒకే టైరు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. బరువులో సుమారు అరవై శాతం వెనుక చక్రం మీద పడుతుంది, సంచి వెనుక క్యారియరు మీద ఉంటే ఇంకా ఎక్కువ. ముందు చక్రం లేపి నిలబెట్టిన మేకులు, పెంకులు వెనుక చక్రానికే గుచ్చుకుంటాయి. అరుగుదల కూడా వెనుకే ఎక్కువ. విప్పి బిగించడం కష్టమూ అక్కడే, గొలుసు మసితో సహా. ముందు చక్రం మాత్రం మలుపులో, బ్రేకు వేసినప్పుడు మనల్ని నిలబెడుతుంది. అది జారితే పడిపోవడమే.

అందుకని ముందు మెత్తటి రబ్బరుతో, మంచి పట్టుతో ఉన్న టైరు, వెనుక ఒక మెట్టు గట్టి టైరు వేసుకోండి. ముందు 4 సీజన్, వెనుక గేటర్‌స్కిన్ అన్నది చాలామందికి కుదిరే జంట. వెనుకది అరిగిపోయినప్పుడు ముందుదాన్ని వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేయండి. అరిగిన వెనుక టైరును పొదుపు కోసం ఎప్పుడూ ముందుకు మార్చవద్దు.

ఆరో అడుగు: ట్యూబా, ట్యూబ్‌లెస్సా

రోజువారీ ప్రయాణానికి మామూలు బ్యూటిల్ రబ్బరు ట్యూబు చాలు. వంద గ్రాముల చిల్లర బరువుంటుంది, గాలిని బాగా పట్టి ఉంచుతుంది, ప్యాచ్ సులువుగా అతుకుతుంది. లేటెక్స్ ట్యూబు వేగమైనదే, కానీ రాత్రికి రాత్రే గాలి దిగుతుంది, రోజూ కొట్టుకోవాలి. టీపీయూ అనే పలుచని ప్లాస్టిక్‌తో చేసిన ట్యూబు బాగా తేలిక. దాన్ని దారిలో మార్చుకునే అదనపు ట్యూబుగా సంచిలో పెట్టుకోవడానికి బాగుంటుంది, అయితే మామూలు ప్యాచులు దానికి అతకవు.

ట్యూబ్‌లెస్‌లో టైరు లోపల సీలెంటు ద్రవం ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రాన్ని అది దానంతట అదే పూడుస్తుంది. ముళ్లకు, తీగలకు ఇంతకంటే మంచి మందు లేదు, వేగంలోనూ నష్టం లేదు. కానీ షరతులున్నాయి. టైరు, రిమ్ము రెండూ ట్యూబ్‌లెస్ కోసం చేసినవై ఉండాలి. ఒత్తిడి ఎక్కువైతే ద్రవం రంధ్రాన్ని పూడ్చకముందే బయటికి చిమ్ముతుంది. అందుకే 30 మిల్లీమీటర్లు, ఆ పై వెడల్పుల్లో ఇది బాగా పనిచేస్తుంది, 25లో అంత నమ్మకం లేదు. మన ఎండలకు ద్రవం తొందరగా ఎండిపోతుంది. రెండు మూడు నెలలకొకసారి చూసి నింపుకోవాలి. ఆ ఓపిక లేకపోతే ట్యూబుతోనే ఉండండి. ఇక రిమ్ము, టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లేని రకం, అంటే హుక్‌లెస్ అయితే 72 పీఎస్‌ఐ దాటకూడదు, ఆ రిమ్ముకు సరిపోతాయని కంపెనీ చెప్పిన టైర్లే వాడాలి. ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి, సర్దుబాటు పనికిరాదు.

టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే ప్లాస్టిక్ పట్టీలు చౌకగా దొరుకుతాయి. వాటి అంచులే ట్యూబును ఒరిసి పంక్చరు చేయడం, మంచి టైరు కూడా మొద్దుబారిపోవడం చూశాక నేను వాటిని వదిలేశాను.

ఏడో అడుగు: వాన

టైరు మీద గీతలు, గాళ్లు ఉంటేనే వానలో పట్టు ఉంటుందని మోటారు సైకిళ్ల అలవాటుతో అనుకుంటాం. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, ఒత్తిడి ఎక్కువ. మన వేగాల్లో నీటి మీద తేలే ప్రమాదం దానికి లేదు. నున్నని టైరే తారును ఎక్కువగా పట్టుకుంటుంది. పట్టు గీతల్లో ఉండదు, రబ్బరులో ఉంటుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, మెట్రో పనుల ఇనుప పలకల మీద మాత్రం ఏ టైరైనా జారుతుంది. వాటి మీద వంగకండి, బ్రేకు వేయకండి.

పంక్చర్లు వానలోనే ఎందుకు ఎక్కువ? నీరు చెత్తనంతా రోడ్డు అంచుకు తోసి పోగేస్తుంది. తడి రబ్బరును గాజు ఇంకా సులువుగా కోస్తుంది. అందుకే జూన్‌కు ముందే వెనుక టైరు చూసి, మార్చవలసి ఉంటే అప్పుడే మార్చండి. విశాఖ బీచ్ రోడ్డు వంటి చోట్ల తొక్కేవారు వారానికోసారి చక్రాలను మంచినీళ్లతో కడగండి. ఇసుక రిమ్ము బ్రేకు రబ్బర్లలో చేరి రిమ్మును అరగదీస్తుంది.

ఎనిమిదో అడుగు: కొనడం, బిగించడం, చూసుకోవడం

దుకాణంలో టైరును చేతిలోకి తీసుకుని వంచి చూడండి. పక్కగోడ మీద సన్నని పగుళ్లు కనిపిస్తే ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు. ఏళ్ల తరబడి ఎండ తగిలే అద్దాల వెనుక వేలాడిన టైరు కొత్తదే అయినా రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. అంచులో ఇనుప తీగ ఉన్నది చౌక, మడిచే రకం తేలిక, ఖరీదు. నగరంలో తిరిగేవారికి ఈ తేడాకు డబ్బు పెట్టడం అంత అవసరం కాదు, ఆ డబ్బును మంచి రబ్బరు మీద పెట్టండి.

బిగించేటప్పుడు ట్యూబులో కాస్త గాలి నింపి గుండ్రంగా చేసుకోండి. వాల్వుకు ఎదురుగా ఉన్న వైపు మొదలుపెట్టి, వాల్వు దగ్గర ముగించండి. టైరు అంచును రిమ్ము మధ్య గుంటలోకి నొక్కుతూ వస్తే చివర్లో కావలసిన వదులు అక్కడే దొరుకుతుంది. లివరు వాడకుండా బొటనవేళ్లతోనే ఎక్కించగలిగితే మంచిది, లివరు కింద ట్యూబు నలిగి తెగుతుంది. పూర్తిగా గాలి కొట్టే ముందు చక్రం చుట్టూ రెండు వైపులా చూసి, ట్యూబు ఎక్కడా బయటికి తొంగిచూడటం లేదని నిర్ధారించుకోండి.

ఆ తరువాత వారానికొక్కసారి, ఆదివారం సాయంత్రం, పది నిమిషాలు. ఒత్తిడి చూపే మీటరున్న కాలిపంపుతో గాలి సరిచూడండి. బొటనవేలితో నొక్కి చూడటం కొలత కాదు, 60కీ 80కీ తేడా వేలికి తెలియదు. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ రబ్బరులో ఇరుక్కున్న గాజు ముక్కలను, తీగలను చిన్న పట్టకారుతో తీసేయండి. ఈ రోజు గీత మాత్రమే పెట్టిన ముక్క గురువారానికి ట్యూబును చేరుతుంది. ఈ పది నిమిషాల పని ఎన్ని పంక్చర్లను ఆపుతుందో నా అనుభవంలో టైరు ఖరీదు కూడా అన్నిటిని ఆపలేదు. టైరు మధ్యభాగం చదునుగా అరిగి పలక కట్టినా, అరుగుదల చూపే చిన్న గుంటలు మాయమైనా, లోపలి నూలు కనిపించినా మార్చేయండి.

సంచిలో ఎప్పుడూ ఉండవలసినవి: ఒక ట్యూబు, రెండు లివర్లు, చేతిపంపు, ప్యాచులు, సొల్యూషను, పాత టైరు పక్కగోడ నుంచి కత్తిరించిన రెండంగుళాల ముక్క. టైరే చీలిపోతే ఆ ముక్కను లోపల పెట్టి, గాలి కాస్త తక్కువగా కొట్టి ఇల్లు చేరవచ్చు. వీటితోపాటు గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకు తగిలించి ఉంచండి. రోడ్ సైకిలుకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వుకు రోడ్డు పక్క పంక్చరు దుకాణాల్లోని గొట్టం పట్టదు. అది మోటారు సైకిలు వాల్వు కోసం చేసింది. ఈ అడాప్టరు ఉంటే అర్ధరాత్రి తెరిచి ఉన్న ఏ పంక్చరు దుకాణమైనా మీకు పనికొస్తుంది. అయితే కంప్రెసరు గాలిని విడతలు విడతలుగా, కొంచెం కొంచెంగా పెట్టమని అడగండి. లారీ టైర్లకు అలవాటైన ఆ చేతికి మన టైరులో పట్టే గాలి క్షణకాలం పని.